రుబీడియం కోసం చవక లేజర్ డ్రైవర్: పని ఎంతవరకు వచ్చిందంటే

రుబీడియం ఆవిరి లేజర్ వెలుగుని పీల్చుకునే చోటుని స్కోప్ మీద చూడాలి, అందుకు లేజర్ డయోడ్‌కి కరెంటు ఇచ్చే డ్రైవర్ ఇది. రుబీడియం పరమాణువులు వెలుగు పీల్చుకునే డి2 రేఖ 780.24 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాని సహజ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. గ్రేటింగ్ లాంటివేవీ జోడించని విడి లేజర్ డయోడ్‌లో కరెంటు ఒక్క మైక్రోఆంపియర్ పెరిగితే ఫ్రీక్వెన్సీ 1 నుంచి 3 మెగాహెర్ట్జ్ దాకా కిందికి జరుగుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ముందు కరెంటు నాయిస్ తగ్గించడానికే. మామూలు రెగ్యులేటర్ చిప్ ఎల్ఎం317తో పని గడవదు.

సర్క్యూట్ మామూలుదే: ఓపీ27 ఆప్‌యాంప్, పీ-ఛానల్ మాస్ఫెట్, కరెంటుని కొలిచే 10 ఓమ్‌ల సెన్స్ రెసిస్టర్. ఖరీదైన ప్రెసిషన్ రెసిస్టర్ బదులు 100 ఓమ్‌ల 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి పది సమాంతరంగా కలిపాం. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే రకమే. 80 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక్కోదాని మీద 6.4 మిల్లీవాట్లే పడతాయి, వేడెక్కి విలువ జారే బాధ దాదాపు ఉండదు.

చిక్కు రిఫరెన్స్ ఫిల్టర్‌లో వచ్చింది, అంటే కరెంటు ఎంతో నిర్ణయించే వోల్టేజీలో నాయిస్ వడగట్టే చోట. 1 కిలోఓమ్, 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెడితే నాయిస్ తగ్గింది గానీ కరెంటు మెల్లగా జారుతూ పోయింది. కారణం కెపాసిటర్ లీకేజీ: 1 మైక్రోఆంపియర్ కారితే ఆ రెసిస్టర్ మీద 1 మిల్లీవోల్ట్, అంటే లేజర్‌లో 100 మైక్రోఆంపియర్ల తేడా. ఇప్పుడు 10 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్. కటాఫ్ అదే 1.6 హెర్ట్జ్. సైజు పెద్దదే, భరించక తప్పదు.

మాస్ఫెట్ గేట్‌కి 100 ఓమ్‌లు సిరీస్‌లో లేకపోతే డ్రైవర్ ఆసిలేట్ అవుతుంది. మల్టీమీటర్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, స్కోప్ పెట్టి చూడాల్సిందే. మొదట డయోడ్ చోట 22 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టర్ పెట్టి, ఆన్ ఆఫ్ చేస్తూ స్పైక్ లేదని తేల్చుకున్నాకే అసలు డయోడ్. దాని రక్షణకి అడ్డంగా తిరగేసిన 1ఎన్5819 షాట్కీ డయోడ్, వాడనప్పుడు రెండు కాళ్లనూ షార్ట్ చేసే స్విచ్.

డయోడ్ ఎంపికలో ఒక మాట. 782 నానోమీటర్ల దగ్గరిది కొని చల్లబరచొద్దు. డిగ్రీకి 0.25 నానోమీటర్ల లెక్కన 7 డిగ్రీలు దించాలి. వానాకాలం కోస్తా ఉక్కపోతలో లెన్స్ మీద నీరు పడుతుంది. 778ది తీసుకుని 34 డిగ్రీలకు వేడి చేస్తే చల్లబరిచే పెల్టియర్ కూడా అక్కర్లేదు, హీటర్ రెసిస్టర్, వేడిని కొలిచే 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్ చాలు.

డిటెక్టర్: బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్, టీఎల్072 ఆప్‌యాంప్, ఫీడ్‌బ్యాక్‌లో 100 కిలోఓమ్‌లు, 10 పికోఫారడ్. 10 మైక్రోవాట్ల వెలుగుకి సుమారు అర వోల్టు.

ప్రస్తుతం లేజర్ ఫ్రీక్వెన్సీని స్కాన్ చేస్తుంటే, వెలుగు పీల్చుకున్న చోట పడే రుబీడియం-85 లోయలు రెండూ స్కోప్ మీద కనిపిస్తున్నాయి. వాటి మధ్య దూరం 3.04 గిగాహెర్ట్జ్, స్కేలుకి అదే కొలబద్ద. 50 హెర్ట్జ్ హమ్ ఇంకా ఉంది. అది ఎక్కడిదో తేల్చడం తేలిక: స్కాన్ ఆపి లేజర్‌ని లోయ వాలు మీద నిలపాలి, తర్వాత రేఖకు దూరంగా జరపాలి. వాలు మీద మాత్రమే హమ్ ఉంటే తప్పు డ్రైవర్‌ది. కిరణానికి అట్ట అడ్డం పెట్టినా పోకపోతే డిటెక్టర్‌ది. ఇక్కడ తేలింది డ్రైవర్‌దే. యూఎస్‌బీ గ్రౌండ్ ఊడదీస్తే సగానికి పైగా తగ్గింది.

లోయల అడుగున సన్నని డిప్‌లు ఇంకా రాలేదు. విడి డయోడ్ సొంత వెడల్పే పదుల మెగాహెర్ట్జ్‌లు, డ్రైవర్‌లో నాయిస్ ఎంత తక్కువున్నా దాన్ని సన్నబరచలేదు. తర్వాతి పని ఆ వెడల్పు తగ్గించడానికి మిల్లీమీటర్‌కి 1800 గీతల గ్రేటింగ్, వెలుగుని తిరిగి డయోడ్‌లోకే పంపే లిట్రో కోణం సుమారు 45 డిగ్రీలు. ఈ వెలుగు కంటికి మసక ఎరుపుగానే తోస్తుంది, నిజానికి పదుల మిల్లీవాట్లు. గ్రేటింగ్ తిప్పేటప్పుడు లేజర్ రక్షణ కళ్లద్దాలు తీయొద్దు.