డిశ్చార్జి కాగితంలో రాయనివి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కుట్లు, కీమో, రేడియేషన్ సంగతి అందరూ చెప్తారు. ఇంటికి పంపే రోజు నేను గొంతు తగ్గించి "మేం మళ్లీ ఎప్పటినుంచి కలవొచ్చు?" అని అడిగితే, "ప్రాణం దక్కింది చాలదా అమ్మా, ఇంకా అవెందుకు!" అని డాక్టరుగారు నవ్వేశారు. గడ్డ తీసిన చేతికి దండం పెడతాను కానీ ఆ నవ్వుని క్షమించలేను. చెప్పాల్సింది ఒక్క ముక్క: గాయంలో చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం తీసేసి, గాయం మానాక, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు. చాలామందికి 3 నుంచి 6 వారాలు పడుతుంది.

ముందు చెయ్యి. గొట్టం ఉన్నన్నాళ్లూ భుజం ఎత్తు దాటి లేపకూడదు. పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడవడం మర్నాటి నుంచే చెయ్యొచ్చు. రోజుకి 30 ఎం.ఎల్. లోపు నీరు వస్తుంటే సాధారణంగా గొట్టం తీస్తారు. ఆ తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్లని చీమలా పైకి పాకించాలి. అందినచోట పెన్సిల్ గీత పెట్టి, మెల్లగా దాన్ని దాటాలి. లాగినట్టుండాలి, పోటు పెట్టకూడదు. నీళ్ల బిందె, తడి దుప్పట్లు పిండటం ఆరు వారాలు వద్దు. అలాగని చేతిని కొంగులో దాచుకుని కూర్చుంటే భుజం పట్టేస్తుంది, రేడియేషన్ బల్ల మీద చెయ్యి తలపైకి ఎత్తలేక ఏడవాలి.

మూడో వారంలో ఒక రాత్రి జాకెట్టు మార్చుకుంటుంటే చంక నుంచి మోచేతి దాకా వీణతీగలా ఏదో తేలింది. మళ్లీ వచ్చిందనుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. తీరా చూస్తే, చంకలో గ్రంథులు తీసినవాళ్లలో కొందరికి లింఫు నాళాలు అలా గట్టిపడతాయట! ఫిజియోథెరపీతో సాగదీస్తే వారాల్లోనో నెలల్లోనో వదులవుతుంది. చెయ్యి ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం వస్తే మాత్రం అదేరోజు పరిగెత్తాలి. గాజులు బిగుసుకుంటే వాపు మొదలైనట్టే, చూపించుకోవాలి.

ఇక పడకగది. ఛాతీ మీద బరువు పడకూడదు. బాగున్న వైపుకి ఒత్తిగిలి, ఆపరేషన్ చేసిన చేతి కింద దిండు పెట్టుకుంటే సుఖం. మెత్తటి జాకెట్టు తీయకపోయినా కొంప మునగదు. చంక లోపలి నరం దెబ్బతిని అక్కడ మొద్దుబారుతుంది, ఒక్కోసారి మంట. ఎక్కడ తాకాలో మొగుడి చెయ్యి పట్టుకుని చూపించాలి. చాలామంది మగవాళ్లు దూరం జరిగేది అసహ్యంతో కాదు, కుట్టు విడిపోతుందన్న భయంతో.

కీమోతోనూ, ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని తగ్గించే లెట్రోజోల్ వంటి మాత్రలతోనూ లోపల పొడారిపోతుంది. నీటితో తయారైన జెల్లీ వాడండి. కొబ్బరినూనె రాస్తే కండోమ్ చిరుగుతుంది. హార్మోన్ క్రీములు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. నెలసరి ఆగినా గర్భం రావచ్చు, కీమోలోనూ ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వాడేటప్పుడూ అది ప్రమాదం. గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, కండోమో, కాపర్-టీయో. ప్లేట్‌లెట్లు 50 వేల లోపు పడిపోయినా, తెల్లకణాలు బాగా తగ్గినా ఆగాల్సిందే.

నడక 10 నిమిషాలతో మొదలెట్టి అరగంటకి పెంచాలి. అత్తగారు అలిపిరి మెట్లకి మొక్కుకున్నారు, 3,550. ఎక్కుతాను. సంచి మాత్రం మా ఆయనదే.