నాయన కోటుతో మా వాడికి ఊలు వెయిస్ట్‌కోటు

తిరుపతిలో ఊలు బట్టతో పనేముంది అనేవాళ్లు ధనుర్మాసంలో ఒక్కసారి తెల్లవారుజామున కొండెక్కి చూడాలి. కింద మన ఇళ్లలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పైన మాడవీధుల్లో పిల్లలు గజగజ వణుకుతుంటారు. మా వాడికి అయిదేళ్లు. స్వెట్టర్ వేస్తే మెడ దగ్గర గుచ్చుకుంటుందంటాడు, చేతులు బిగుసుకుపోతున్నాయని పేచీ పెడతాడు. చేతుల్లేకుండా, లోపల మెత్తటి లైనింగ్‌తో ఊలు వెయిస్ట్‌కోటు కుట్టిస్తే రెండు బాధలూ తీరతాయనిపించింది. జాకెట్లు, గౌన్లు ఏళ్ల తరబడి కుడుతున్నాను కాబట్టి నేనే కుట్టాలని కూర్చున్నాను.

ముందు బట్ట దొరకాలి కదా. గాంధీ రోడ్డులో ఊలు అని చూపించినవాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్ కలిసినవే. అప్పుడు గుర్తొచ్చింది నాయన కోటు. బూడిదరంగుది, కలరా ఉండల మధ్య బీరువాలో అలాగే ఉంది. అమ్మను అడగడానికి కొంచెం వెనకాడాను. "బీరువాలో పెట్టుకోని ఏం చేస్తాం మే, మనవడు వేసుకుంటే మీ నాయనకూ సంతోషమే" అనేసింది.

కోటు లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అయిపోయింది. అసలైన ఊలుకు అదే గుర్తు. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

కుట్లన్నీ బ్లేడుతో విప్పి, ముక్కలను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూశాను. పురుగు కొట్టిన చోట్లు అలా చూస్తేనే కనపడతాయి. ఒక జేబు కింద రెండు చిన్న చిల్లులున్నాయి, అక్కడ చాక్‌తో గుర్తు పెట్టుకుని ఆ భాగం వదిలేశాను. కోటు వీపు ముక్కలో పిల్లవాడి వీపు హాయిగా పట్టింది, రెండు ముందు ముక్కల్లో అటొకటి ఇటొకటి. నిలువు పోగు మాత్రం అన్నిటికీ ఒకే దిక్కున ఉండేట్టు చూసుకున్నాను. అది పక్కకు జరిగితే ఎంత బాగా కుట్టినా అంచు వంకర పోతుంది.

లైనింగ్‌కు కాటన్ సాటిన్ తీసుకున్నాను, నేరేడుపండు రంగు. మామూలు కాటన్ చొక్కాను పట్టుకుని లాగుతుంది, పాలిస్టర్ సాటిన్‌లో పిల్లలకు చెమట పోస్తుంది. ఇది నున్నగానూ ఉంటుంది, గాలీ ఆడుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాకే కత్తెర పెట్టాను.

మా వాడి ఛాతీ 23 అంగుళాలు. చొక్కా మీద వేసుకోవాలి, అటూ ఇటూ ఎగరాలి, అందుకని 3 అంగుళాలు వదులు కలిపాను. పక్క కుట్ల దగ్గర అంగుళం చొప్పున బట్ట లోపల వదిలాను, ఒళ్లు చేసినప్పుడు విప్పుకోవచ్చని. లైనింగ్‌ను పై బట్టకన్నా అంచుల్లో ఒక నూలువాసి తక్కువగా కత్తిరించాలి. అప్పుడే పై బట్ట లోపలికి మడిగి, లైనింగ్ బయటికి తొంగిచూడదు. వీపు మధ్యలో మాత్రం లైనింగ్‌కు చిన్న మడత ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పిల్లవాడు ముందుకు వంగినప్పుడు పట్టేస్తుంది.

కుట్టేముందు మా వీధి చివర కోట్లు కుట్టే టైలర్ దగ్గరికి వెళ్లి కత్తిరించిన ముక్కలు చూపించాను. ఆయన చెప్పిన ఒక్క మాటతో పనంతా దారిలో పడింది. "పక్కలు ఇప్పుడే కలపొద్దక్కా. కలిపేసినావంటే ఇంక తిరగదు."

అంటే, లోపలి వైపు పైకి పెట్టి కుట్టినదాన్ని మళ్లీ మంచి వైపుకు తిప్పడానికి దారుండదు. అందుకని ఇదీ వరస. పై బట్టకు, లైనింగ్‌కు విడివిడిగా భుజాలు మాత్రం కలపాలి. తర్వాత రెంటి మంచి వైపులూ ఎదురెదురుగా పెట్టి ముందు అంచులు, మెడ, రెండు చంకలు, కింది అంచులు చుట్టూ కుట్టేయాలి. పక్కలు నాలుగు చోట్లా తెరిచే ఉండాలి. మెడకు, చంకలకు వంపుల్లో కుట్టుదాకా చిన్న చిన్న గాట్లు పెట్టాలి. ఇప్పుడు వీపు పక్క తెరిచిన చోట నుంచి చెయ్యి పెట్టి, భుజం సందులోంచి ముందు ముక్కను పట్టుకుని బయటికి లాగాలి. పిల్లల కొలతకు భుజం రెండంగుళాలే, ఊలు మందం. ఒక్కసారిగా లాగితే కుట్టు పిగులుతుంది. బట్టను సన్నగా చుట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ వచ్చాను. రెండో వైపు కూడా బయటికి వచ్చేసరికి, అప్పటిదాకా ముద్దగా ఉన్నది ఒక్కసారిగా వెయిస్ట్‌కోటు అయిపోయింది! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇక పక్కలు పై బట్టకు పై బట్ట, లైనింగ్‌కు లైనింగ్ కలిపి గుండ్రంగా కుట్టి, ఒక పక్క లైనింగ్‌లో మూడంగుళాల సందు వదలాలి. దాన్ని చివర్లో చేత్తో మూసేయాలి.

మిషన్ దగ్గర కన్నా నేను ఎక్కువసేపు నిలబడింది ఇస్త్రీ దగ్గరే. ఊలుకు అదే ప్రాణం. పైన తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా అదమాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. తడి వేడికి పోగు మెత్తబడుతుంది, చల్లారేటప్పుడు ఎలా ఉంటే అలాగే నిలబడిపోతుంది. అందుకే వేడిగా ఉన్నప్పుడు కదపకూడదు. పొడి ఇస్త్రీ రుద్దితే బట్ట మీద మెరుపు పడుతుంది, అది చూడ్డానికి బాగుండదు.

కాజాల వెనక సన్నటి కాన్వాస్ పట్టీ ముందే పెట్టుకున్నాను. మగపిల్లవాడికి కాబట్టి కాజాలు ఎడమ వైపు. కుట్టు పూర్తయ్యాకే మధ్యలో చీల్చాను, లేకపోతే ఊలు పోగులు ఊడి వస్తాయి. గుండీలకు వెతుక్కోలేదు. నాయన కోటు చేతుల చివర ఉండే చిన్న గుండీలే నాలుగు పిల్లవాడికి సరిగ్గా సరిపోయాయి.

కొండమీద వాడు దాన్ని విప్పమని ఒక్కసారీ అడగలేదు. బస్సు దిగింది మొదలు గుండీలు తీస్తూ పెడుతూ ఉన్నాడు, అంతే. ఊలు తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చినా తడిగా అనిపించదు, అందుకే పరుగులు పెట్టి చెమట పట్టినా ఒళ్లు చల్లబడలేదు.

ఇంటికొచ్చాక చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి ముంచి తీశాను. ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, వేడినీళ్లలో రుద్దితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట ముడుచుకుపోతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో చాప మీద పరిచి ఆరబెట్టాలి.