పంటు ఎక్కని కారవాన్

నర్సాపురం రేవులో, మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటువాళ్ళు మేం అద్దెకి తెచ్చుకున్న కారవాన్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఎక్కదండి బాబూ" అని తేల్చేశారు. బస్సు ఛాసిస్ మీద కట్టిన బాడీ కదా, వెనక చక్రాల అవతల తోక బారెడుంది. రేవు వాలులో దిగితే అది నేలకి రాసుకుంటుందట. ఈ కారవాన్‌కి రోజుకి 15,000 అద్దె, డీజిల్ మనదే. ఎదురుగా సఖినేటిపల్లి, అటు మీదుగానే మేం వెళ్ళాల్సిన అంతర్వేది. మోటార్‌సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో దర్జాగా దాటిపోతున్నాయి. ఇక్కడ వంతెన కడతారన్న మాట నేను నిక్కర్లు వేసుకున్నప్పటినుంచీ వింటున్నాను.

పైగా పిల్లల గోల. "లోపల హీరో ఎవరండీ?" మా ఆవిడ తెర తీసి మొహం చూపించాక గానీ చెదరలేదు.

టీ కొట్టు దగ్గరి పెద్దాయనొకరు వచ్చి తలుపులోంచి తొంగిచూశారు. మంచం, సింకు, గ్యాస్ పొయ్యి, మూలన మడత కుర్చీలు. "ఆయ్, ఇలాంటిది ముందు ఎవరు కట్టేరండీ?" అన్నారు. బయల్దేరేముందు అదే చదివి ఉన్నాను, నాకు ఊపొచ్చింది. జర్మనీలో ఇస్నీ అనే ఊళ్ళో డెత్‌లెఫ్స్ వాళ్ళది 1832 నాటి కంపెనీ. మొదట్లో చేసింది చర్నాకోలలు! తర్వాత మంచు మీద జారేవాళ్ళు పట్టుకునే కర్రలు. ఆ ఇంటి అరిస్ట్ డెత్‌లెఫ్స్ సరుకు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. భార్య బొమ్మలు వేసే మనిషి. తననీ తీసుకెళ్ళేలా 1931లో కారు వెనక తగిలించే ఇల్లొకటి కట్టాడు. తర్వాత కంపెనీకి అదే పనైపోయింది.

"చర్నాకోలలు చేసినాయనా!" అని పెద్దాయన పకపకా నవ్వారు. "మా నాన్న చేతిలోనూ చర్నాకోలే ఉండేదండి. భీష్మ ఏకాదశికి గూడుబండిలో గడ్డి పరిచి, బొంత వేసి, బియ్యం మూట పడేసుకుని అంతర్వేది తీర్థానికెళ్ళేవోళ్ళం. దారిలోనే వంట. అద్దె లేదు, డీజిలూ లేదు."

అమెరికాలో వాలీ బయామ్ మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ అనే ట్రైలర్ల కంపెనీ సంగతీ చెప్పాను. 1969లో చంద్రుడి మీంచి వచ్చిన ముగ్గుర్నీ రోగాలేమైనా అంటించుకొచ్చారేమోనని వాళ్ళ ట్రైలర్‌నే మార్చి అందులో ఉంచారు. "ఏసీ ఉందాండీ అందులో? కరోనాకి నన్ను పశువుల పాకలో పెట్టేరు, ఫ్యాను కూడా లేదు." ఇప్పుడు ఆ ఎయిర్‌స్ట్రీమూ, ఈ డెత్‌లెఫ్సూ థోర్ అనే ఒకే అమెరికా సంస్థ గూటిలో ఉన్నాయన్నది ఆయనకి పెద్దగా పట్టలేదు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనివ్వలేదు.

చేసేదేముంది, వెనక్కి తిప్పి పాలకొల్లు, చించినాడ వంతెన, రాజోలు. మలికిపురం దాటాక కాలవగట్టు మీద కొబ్బరిమట్టలు టాపు మీది ఏసీ పెట్టెని గీస్తుంటే నా అడ్వాన్సే గీసినట్టుంది. డ్రైవరు ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టిన మనిషి. మూల పట్టీకి రెండు రివెట్లు లేచాయని దిగి, బొటనవేలితో నొక్కి చూసి, "మా షెడ్డులో అయితే ఇంత పల్చటి రేకు వాడమండి" అన్నాడు. ఓనరుకి చెప్పవయ్యా ఆ మాట!

అంతర్వేదిలో జనరేటర్ వేస్తే పక్కవాళ్ళు గొడవ, వెయ్యకపోతే ఏసీ లేదు. గుడి దగ్గర 600కి ఫ్యాను గది తీసుకుని మేం పడుకున్నాం. కారవాన్ మంచం మీద తలుపులన్నీ బార్లా తీసుకుని డ్రైవరు పడుకున్నాడు.