చేదుకో మల్లన్నా

ఎదురింటి పెద్దమ్మ ఆ ముడుపును దాదాపు మూడేళ్ళు తన దేవుడి గూట్లో దాచి ఉంచింది. 2024 సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున నన్ను పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, గూట్లోంచి తీసి నా అరచేతిలో పెట్టింది. పసుపులో తడిపి ఆరబెట్టిన చిన్న గుడ్డ, ఎండి గట్టిపడింది. లోపల పదకొండు రూపాయలు. ముడిని వేలితో తడిమితే పది రూపాయల బిళ్ళ, రూపాయి బిళ్ళ వేరువేరుగా తెలుస్తున్నాయి.

“మీ అమ్మ ఆసుపత్రి నుంచి ఫోను చేసి కట్టించింది నాయనా. ‘వాడు లేచి తిరిగితే చాలు, వాణ్ణి వెంటబెట్టుకుని అడవి దారిన నడిచొస్తానని మల్లన్నకు చెప్పి ముడుపు కట్టు’ అంది. కట్టాను. ఆ తరువాత నీకెలా చెప్పాలో నాకు తెలియలేదు.”

2021 మే నెలలో మా ఇంట్లో ఇద్దరమూ కరోనాతో ఆసుపత్రిలో చేరాం. ఒకే భవనంలో నేను పై అంతస్తులో, అమ్మ కింద. అమ్మకు మధుమేహం ఉంది. మొదటి వారం రోజూ సాయంత్రం ఫోనులో మాట్లాడేది. తరువాత ఫోను రాలేదు. అమ్మ నిద్రపోతోందని, బాగానే ఉందని చెబుతూ వచ్చారు. నా ఆక్సిజన్ నిలకడగా తొంభై ఐదు దాటాక, ఇంటికి పంపే రోజున, మా పెదనాన్న కొడుకు కారులో నా పక్కన కూర్చుని నిజం చెప్పాడు. అప్పటికి అమ్మ పోయి ఆరు రోజులైంది. కార్యమంతా వాడే చేశాడు. నేను ముఖం కూడా చూడలేదు.

ఇంటికి వచ్చాక నెల రోజులు ఏ రుచీ తెలియలేదు, ఏ వాసనా లేదు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ పంపిన కొత్తావకాయ గిన్నె మూత తీస్తే ఆవపిండి ఘాటు ముక్కుకు తగిలింది. తిరిగి వచ్చిన మొదటి వాసన అదే. అన్నంలో కలుపుకుని ఏడుస్తూ తిన్నాను. జిరాక్స్ షాపు అప్పులు, ఊపిరి అందని రాత్రులు, తెల్లవారుజామున అమ్మ పిలిచినట్టు ఉలిక్కిపడి లేవడం, వీటితో రెండేళ్ళు గడిచాయి. పూజ మానేశాను. దేవుడు లేడని కాదు. ఉన్నాడన్న నమ్మకం ఉండబట్టే ఆయనతో మాటలు మానేశాను.

ఇప్పుడు చేతిలో ముడుపు. మొక్కు అమ్మది. తీర్చవలసింది నేను. అమ్మను నా దగ్గర లేకుండా చేసినవాడి దగ్గరకే వెళ్ళి, నన్ను బతికించినందుకు దండం పెట్టి రావాలి. ఆ రాత్రి నిద్రపోలేదు.

మా ఇళ్ళలో ఏ శుభకార్యమైనా సంకల్పంతోనే మొదలవుతుంది. పురోహితుడు మనం ఎక్కడున్నామో చెప్పవలసి వచ్చినప్పుడు “శ్రీశైలస్య” అని మొదలుపెట్టి, ఆ కొండకు మన ఊరు ఏ దిక్కున ఉందో చెబుతాడు. కర్నూలు వాళ్ళం కాబట్టి మేము ఆ కొండకు పడమటి దిక్కున ఉంటాం. ఊరు పేరు తరువాత, ఇల్లు ఆ తరువాత. మా అమ్మకు ఆ మాట అంటే ఎంత ఇష్టమో! “మల్లన్న కదలడు, మనమే ఆయనకు ఇటో అటో ఉంటాం” అనేది. ఆ కొండ ఉన్న దిక్కే పట్టుకుని బయలుదేరాను.

శ్రీశైలానికి దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు ఉంది. బస్సెక్కితే పూట తిరగకుండా చేరవచ్చు. అమ్మ అడిగింది అది కాదు. ఆత్మకూరు దాటి వెంకటాపురం నుంచి నల్లమలలోకి ఒక కాలిబాట ఉంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కొండకు చేరుతుంది. అది పులుల అభయారణ్యం కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి దారి తెరుస్తారు. అమ్మ పెళ్ళికి ముందు మా తాతతో కలిసి ఒకసారి నడిచింది. ఆ దారి పేర్లు అమ్మ నోట విని విని, చూడకముందే నాకు కంఠతా వచ్చు.

శివరాత్రి మార్చి 8, శుక్రవారం. బుధవారం తెల్లవారుజామున వెంకటాపురంలో నడక మొదలుపెట్టాను. నా ముందూ వెనకా జనమే. శివదీక్ష తీసుకున్న స్వాములు, ఇరుముళ్ళు, చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, చెప్పులు లేకుండా నడుస్తున్న ముసలమ్మలు. ఆకులు రాలిన అడవి. మోదుగ చెట్లు మాత్రం ఒళ్ళంతా నారింజ రంగు పూలతో, ఎండను మించిన వెలుగుతో నిలబడ్డాయి. పాదాల కింద ఎండుటాకుల చప్పుడు, మధ్యమధ్య ఎవరో ఒకరు గొంతెత్తి “చేదుకో మల్లన్నా!” అంటే, వందల గొంతులు “చేదుకో!” అని అందుకోవడం.

ఆ మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే అయినా, అర్థం ఆ రోజే తట్టింది. మా అమ్మమ్మగారి ఇంట్లో చేదబావి ఉండేది. చాంతాడుకు కట్టిన చేదను వదిలితే అడుగున నీళ్ళలో మునిగి, బరువెక్కి, చీకట్లో ఆగేది. అది తనంతట తాను పైకి రాలేదు. పైనున్న చెయ్యి లాగాలి. ‘రక్షించు’ అనో ‘కరుణించు’ అనో అడగడం వేరు. బావి అడుగున ఉన్నాను, నన్ను పైకి లాక్కో అని కేక వెయ్యడం వేరు. మూడేళ్ళుగా నేనున్న చోటుకు అంతకంటే సరైన పేరు లేదు. అయినా నా నోరు పెగల్లేదు. పక్కవాళ్ళు అంటుంటే వింటూ నడిచాను.

నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం చెట్ల నీడన కాసేపు ఆగాను. ఏదో పల్లె వాళ్ళు పొయ్యిలు పెట్టి ఉగ్గాని చేస్తున్నారు. విస్తరాకులో వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి, “ఇంకొంచెం తిను, ముందు ఎక్కుడు ఉంది” అని బతిమాలి పెట్టారు. ఆ దారి పొడుగునా అంతే. మజ్జిగ, పులిహోర, పుచ్చకాయ ముక్కలు. డబ్బు తీసి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశారు.

పెచ్చెరువు చేరేసరికి చీకటి పడింది. అది చెంచుల గూడెం. చెంచులు మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చూస్తారు, చెంచు మల్లయ్య అంటారు. శివరాత్రి ముందు రోజులు కాబట్టి రాత్రంతా వెన్నెల ఆశ లేదు. దీపాల వెలుగు దాటితే అడవి నల్లగా, దగ్గరగా ఉంది. నా పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. నేల మీద పరిచిన పట్టా మీద కూలబడ్డాను.

ఒక పెద్దాయన గిన్నెతో వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కర్పూరం వేసి కాచిన కొబ్బరి నూనె. నా కాలు పట్టుకోగానే గబుక్కున వెనక్కి లాక్కున్నాను. “పెద్దవారు, మీరు నా కాళ్ళు పట్టుకోవడం ఏమిటి?” అన్నాను. ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. “ఇరవై ఏళ్ళు నడిచాను నాయనా ఈ దారి. మోకాళ్ళు పోయాయి. ఇక్కడిదాకా బండిలో తెస్తారు. నడిచే వాళ్ళ కాళ్ళకు నూనె రాస్తే ఆ మిగతా దారి నేను నడిచినట్టే. ఆ మాత్రం నడవనియ్యి” అన్నాడు.

కాళ్ళు చాపాను. ఆయన బొటనవేళ్ళు పిక్కల్లోకి దిగుతుంటే కళ్ళు మూసుకున్నాను. ఆసుపత్రి గుర్తుకొచ్చింది. మూడేళ్ళలో ఆ గది తలపుకు వచ్చినప్పుడల్లా గొంతు బిగుసుకునేది. ఆ రాత్రి అలా కాలేదు. అక్కడ నన్ను బోర్లా పడుకోబెట్టిన చేతులు జ్ఞాపకం వచ్చాయి. నెత్తి నుంచి కాలిదాకా తెల్ల కిట్లు, రెండు పొరల గ్లవుసులు, వీపు మీద మార్కరుతో రాసుకున్న పేర్లు. ముఖాలు ఎరగను. ఒకామె రాత్రి రెండింటికి నా నోటికి చెంచాతో కొబ్బరినీళ్ళు పోస్తూ “ఇంకొక్క చెంచా” అనేది. వాళ్ళ ఇళ్ళలోనూ అమ్మలు ఉండి ఉంటారు కదా! నేను ఇంటికి వచ్చేటప్పుడు వాళ్ళలో ఒక్కరికైనా దండం పెట్టానా? లేదు. కిందనున్న అమ్మకు కూడా అలాంటి చేతులే కొబ్బరినీళ్ళు పోసి ఉంటాయన్న ఆలోచన అప్పటిదాకా నాకు రానే లేదు. అమ్మ ఒంటరిగా పోయిందనే మూడేళ్ళూ కుమిలిపోయాను. పెద్దాయన నూనె చేతిని తువ్వాలుకు తుడుచుకుని పక్కవాడి కాళ్ళ దగ్గరకు జరిగాడు. వంగి ఆయన పాదాలు అంటుకున్నాను.

మరునాడు భీముని కొలను. రెండు కొండల నడుమ లోతైన లోయ. దిగడం ఒక ఎత్తు, ఆవలి కొండ ఎక్కడం మరో ఎత్తు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని చరిత్ర. ఆ రాతి మెట్ల మీద ఎన్ని లక్షల పాదాలు నడిచి ఉంటాయో! ఆ పాదాల్లో పావడా కట్టుకున్న మా అమ్మవి కూడా ఉన్నాయి. అరిగిన చోట చూసి మరీ కాలు వేశాను.

కాళ్ళు కాదు, ఊపిరి ఎదురు తిరిగింది. ఇరవై మెట్లకు ఒకసారి ఆగాను, తరువాత పదికి, తరువాత ఐదుకు. ఒక చోట కూర్చుంటే ఇక లేవలేకపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆసుపత్రి మంచం మీద వేలికి తగిలించిన ఆక్సిమీటరు అంకెల కోసం చూసిన భయమే మళ్ళీ కమ్ముకుంది. మొదటిసారి నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. గట్టిగా కాదు, గాలి ఎంత ఉంటే అంత. “చేదుకో.”

నాలుగు మెట్ల పైన ఒక కుర్ర స్వామి ఆగి వెనక్కి చూశాడు. మెడలోని కండువా తీసి ఒక కొస తన మణికట్టుకు చుట్టుకుని, రెండో కొస కిందికి వదిలాడు. “పట్టుకో అన్నా, మెల్లగా పోదాం” అన్నాడు. పట్టుకున్నాను. కైలాసద్వారం దాకా అతను ఒక మాట మాట్లాడలేదు. నేను ఆగినప్పుడల్లా కండువా వదులయ్యేది, లేచినప్పుడల్లా బిగుసుకునేది. పైకి చేరాక థాంక్స్ చెబుదామని తిరిగేసరికి తన గుంపులో కలిసిపోయాడు.

శుక్రవారం గంటల తరబడి వరుసలో నిలబడ్డాను. పండుగ రద్దీలో స్వామిని తాకనివ్వరు, దూరం నుంచే దర్శనం. ఎన్నో అడగాలని దాచుకున్న ప్రశ్నలు ఉన్నాయి. లింగం కంటబడిన ఆ రెండు క్షణాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. హుండీలో ముడుపు వేశాను. నోట్ల మీద పడిందేమో, చప్పుడే కాలేదు.

రాత్రి పాగాలంకరణ. చీరాల ప్రాంతపు దేవాంగ నేత కుటుంబం వారు రోజుకో మూర చొప్పున ఏడాదంతా 365 మూరల పాగా నేసి తెస్తారు. గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. నేతగాడు దిగంబరుడై చీకట్లో విమాన శిఖరం నుంచి ముందరి నందుల మీదుగా ఆ పాగాను చుడతాడు. పెళ్ళికొడుకు తలపాగా అది. వేల మంది ఉన్న ఆవరణ ఒక్కసారిగా చీకటైంది. పైన ఒక మనిషి ఏడాది శ్రమను తడుముకుంటూ చుడుతున్నాడు, కింద మేమందరం కనిపించని శిఖరం వైపు తలెత్తి పంచాక్షరి పలుకుతున్నాం. ఆ చీకట్లో అమ్మ మొక్కును పదం పదం తలచుకున్నాను. ‘వాణ్ణి వెంటబెట్టుకుని నడిచొస్తాను’ అంది. తను ఉండనేమోనన్న అనుమానం ఆ మాటలో ఎక్కడా లేదు. ఊపిరి అందని మంచం మీద పడుకుని, ఇద్దరికీ కలిపి దారి ఏర్పాటు చేసింది. మూడేళ్ళ తరువాత ఆయనతో మళ్ళీ మాట్లాడాను. నా బాధ చెప్పాను. దాచుకోలేదు. ఆ తరువాత, నన్ను ఇక్కడిదాకా చేదుకున్నందుకు దండం పెట్టాను. రెండూ ఒకే గొంతుతో చెప్పాను. దీపాలు వెలిగేసరికి తెల్లని పాగా శిఖరం చుట్టూ మెరుస్తోంది. నా పక్కనున్న ముసలామె చెంపలు వేసుకుంటోంది.

ఆదివారం పొద్దున ఇల్లు చేరాను. పెద్దమ్మ వాకిట్లోనే చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురుచూస్తోంది. వద్దంటున్నా వినకుండా నా పాదాలు కడిగి, మడమ మీది బొబ్బను చూసి నాలుక చప్పరించింది. ప్రసాదం చేతిలో పెట్టి అడిగాను, “ఆ రోజు ఫోనులో అమ్మ ఇంకేమైనా చెప్పిందా పెద్దమ్మా?”

“మామిడికాయలు అయిపోతాయేమో, మంచివి చూసి పాతిక తెప్పించి పెట్టు, వచ్చాక ఆవకాయ కలుపుకోవాలి అంది.”

“తెప్పించావా?”

“తెప్పించకుండా ఉంటానా నాయనా? నేనే కలిపాను, మీ అమ్మ కొలతలతోనే. ఆ ఏడాది మీ ఇంటికి పంపిందంతా అదే.”