నాసా దరఖాస్తు, నా మూడు పేర్లు

2025 సెప్టెంబరులో నాసావాళ్ళు కొత్త వ్యోమగామి అభ్యర్థుల్ని ప్రకటించారు. 8,000 మందికి పైగా దరఖాస్తు పెడితే 10 మంది. అందులో నేను లేను. అది నాకు ముందే తెలుసు, దానికి ఏడవడం లేదు. నా మంట వేరే.

నేను టెక్సాస్‌లో హైస్కూల్ ఫిజిక్స్ టీచర్ని. టీచరుకి అంతరిక్షమేంటి అనకండి. 2004లో నాసా ముగ్గురు టీచర్లని తీసుకుంది, ముగ్గురూ వెళ్ళొచ్చారు. వాళ్ళలో డొరతీ మెట్‌కాఫ్ లిండెన్‌బర్గర్‌ని క్లాసులో ఎవరో "అక్కడ బాత్రూంకి ఎలా వెళ్తారు" అని అడిగారట. జవాబు కోసం నాసా వెబ్‌సైటు తిరగేస్తుంటే టీచర్లు కావాలన్న ప్రకటన కంటపడిందట. నన్నూ పిల్లలు అడిగేది అదే ప్రశ్న!

2024 మార్చిలో ప్రకటన వచ్చింది. అమెరికా పౌరసత్వం ఉంది. మాస్టర్స్ ఉంది. మూడేళ్ళ అనుభవం అడిగారు, స్కూల్లో పాఠాలు చెప్పినా లెక్కే. నాకు పదకొండేళ్ళు. బీపీ 140/90 దాటకూడదు. నాది 116/74, నలభై రెండేళ్ళకి. గొప్పలంటే గొప్పలే.

చిక్కంతా నా ఎమ్మెస్సీతో. అది ఇండియాలో చేశాను. విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని ఒక సంస్థ చూసి చెప్పాలి. వాళ్ళకి ట్రాన్‌స్క్రిప్ట్స్, అంటే మార్కుల పత్రాలు, యూనివర్సిటీ సీల్డ్ కవర్లో కావాలి. ప్రకటన రాకముందే, జనవరిలోనే నాన్నని పంపాను. డెబ్బై మూడేళ్ళ రిటైర్డ్ హెడ్మాస్టరు ఎగ్జామ్స్ సెక్షన్ చుట్టూ ఐదుసార్లు తిరిగారు. మొదటిసారి చలానా తప్పన్నారు. రెండోసారి సారు సెలవు. మూడోసారి, మెమోలో ఇంటిపేరు పొడక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళయ్యాక ఇంకోటి. "ఈ ముగ్గురూ మీ అమ్మాయేనని గ్యారంటీ ఏంటి మాస్టారూ?"

నాన్న వీడియో కాల్ చేసి ఫోను కిటికీలోంచి లోపలికి పెట్టారు. ఇక్కడ అర్ధరాత్రి. ఎందుకివన్నీ అని కిటికీ అవతలి గుమస్తా అడిగితే, బుద్ధిలేక నిజం చెప్పాను. "అంతరిక్షానికంటయ్యా!" అని ఆయన వెనక్కి తిరిగి అరిచాడు. సెక్షన్ సెక్షనంతా వచ్చి నా మొహం చూసింది. "పైనుంచి మా ఆఫీసు కనిపిస్తే చెయ్యూపండి మేడం" అన్నారొకరు. నాన్న ఒక్క మాట అనలేదు. ఫోను జేబులో పెట్టుకున్నట్టున్నారు, తెర నల్లబడింది. నవ్వులు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి స్టాంపు పేపరు మీద అఫిడవిట్, నోటరీ, ఇంకో చలానా. మీరు అమెరికా వచ్చే ఆలోచనలో ఉంటే ఈ పేర్ల గొడవ విమానం ఎక్కకముందే తేల్చుకోండి. "మా ఏజెంటు చూసుకుంటాడు" అనేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి. నేనిచ్చాను, మనిషి ఇప్పటికీ ఫోనెత్తడు.

నాన్న రెండు కవర్లు తీసుకున్నారని మొన్న ఇంటికెళ్ళినప్పుడు తెలిసింది. రెండోది ఎందుకు నాన్నా అంటే, "మళ్ళీ పిలుస్తారు కదమ్మా, నేను మళ్ళీ అక్కడికి వెళ్ళలేను" అన్నారు.