డిపెండెంట్ వీసా మీద వెళ్ళిన నర్సుకి ఇంగ్లీషు పరీక్ష తప్పుతుందా?

భర్త స్కిల్డ్ వర్కర్ వీసా మీద యూకే వెళ్తుంటే, వెంట వెళ్ళే భార్యని వీసా కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష అడగడం ఇన్నేళ్ళూ లేదు (అది మార్చాలని యూకే ప్రభుత్వం 2025 మే శ్వేతపత్రంలో ప్రతిపాదించింది). దాంతో నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కీ పరీక్ష అక్కర్లేదనే మాట మనవాళ్ళలో పాకిపోయింది. వీసా హోం ఆఫీసు ఇస్తుంది, నర్సుల రిజిస్టర్‌లో పేరు ఎన్ఎమ్‌సీ (యూకే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) ఎక్కిస్తుంది. అక్కడి మినహాయింపు ఇక్కడ చెల్లదు. మీరు ఎవరి భార్యో, ఎవరి భర్తో ఎన్ఎమ్‌సీకి అనవసరం.

బీఎస్సీ నర్సింగ్ అంతా ఇంగ్లీషు మీడియమే కదా అంటారు. నిజమే. కానీ ఇంగ్లీషు అధికశాతం మాట్లాడే దేశాల జాబితాలో ఇండియా లేదు. కాబట్టి కాలేజీ ఇచ్చిన మీడియం లెటరొక్కటీ పెడితే ఫైలు ముందుకు కదలదు.

అయితే ఆ లెటర్ పనికొచ్చే దారి ఒకటుంది. 2023 ఫిబ్రవరిలో తెచ్చిన ఈ పద్ధతిని సైఫ్ అంటారు, అంటే పనిచేసే చోటి నుంచి వచ్చే ధ్రువీకరణ. ఇంగ్లీషులో చదివి, అక్కడి పరీక్షలూ ఇంగ్లీషులోనే రాసి, గత రెండేళ్ళలో కనీసం 12 నెలలు యూకే ఆరోగ్య, సంరక్షణ రంగంలో పనిచేసి ఉండాలి. డిపెండెంట్ వీసాకి ఉద్యోగం చేసే వీలుంటుంది కాబట్టి హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేరి ఈ ఏడాది పూర్తి చేసుకోవచ్చు. స్కోరు కొద్దిలో, అంటే ఒక విభాగంలో ఐఈఎల్‌టీఎస్ అయితే 0.5, ఓఈటీ (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) అయితే అర గ్రేడు తగ్గినవాళ్ళకీ ఇదే దారి.

ఎక్కువమందికి బెడిసికొట్టేది సంతకాల దగ్గర. ఫారం నింపే లైన్ మేనేజర్ ఎన్ఎమ్‌సీ రిజిస్టర్‌లో ఉన్నవారై, మీ పని దగ్గరుండి చూసినవారై ఉండాలి. ఆపైన ఇంకో సీనియర్ సంతకం పెట్టాలి, ఆవిడా రిజిస్టర్‌లో ఉండాల్సిందే. నర్సులు లేని రెసిడెన్షియల్ కేర్‌హోమ్‌లో మేనేజర్ నర్సు కానక్కర్లేదు. మేనేజర్ నర్సు కాకపోతే అక్కడ ఏడాదంతా ఒళ్ళు వంచి పనిచేసినా సంతకం పెట్టే అర్హత ఎవరికీ ఉండదు. ఏజెన్సీ షిఫ్టుల్లో రోజుకో చోటికి తిరిగేవాళ్ళదీ అదే బాధ. నర్సింగ్‌హోమ్‌లోనో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆసుపత్రి) వార్డులోనో చేరండి. చేరేముందు మేనేజర్ పేరు ఎన్ఎమ్‌సీ వెబ్‌సైట్ రిజిస్టర్‌లో వెతికితే రెండు నిమిషాల పని.

నా లెక్కలో మాత్రం పరీక్ష రాసేయడమే దగ్గరి దారి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లకు 7, రైటింగ్‌కి 6.5 చాలు. ఓఈటీలో మొదటి మూడింటికీ బీ, రైటింగ్‌కి సీ ప్లస్. ఒకేసారి రాకపోతే 12 నెలల్లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలుపుకోవచ్చు. కానీ రెండింటిలోనూ నాలుగు విభాగాలూ రాయాలి, ఏ మార్కూ కావలసినదానికంటే 0.5కి మించి తగ్గకూడదు.

డాక్టర్ల సంగతి వేరు. డాక్టర్ల రిజిస్టర్ చూసే జీఎంసీ (జనరల్ మెడికల్ కౌన్సిల్) ఐఈఎల్‌టీఎస్‌లో అడిగేది మొత్తం మీద 7.5, విభాగానికి విడివిడిగా 7. ఎంబీబీఎస్ పూర్తయి రెండేళ్ళు దాటకపోతే యూనివర్సిటీ లెటర్ చూపే వీలుంది. కానీ రోగులు, వాళ్ళ బంధువులు, తోటి సిబ్బందితో సాగిన సంభాషణలో కనీసం 75 శాతం ఇంగ్లీషులోనే జరిగిందని అందులో రాయాలి. గుంటూరు జనరల్ ఆసుపత్రి ఓపీలోనో, వరంగల్ ఎంజీఎంలోనో హౌస్‌సర్జన్సీ చేసినవాళ్ళకి ఆ మాట ఏ ప్రిన్సిపాల్ రాసిస్తారు?