పాలు పడలేదా అని అడిగే ముందు

మా చెల్లికి బెంగళూరులోనే సిజేరియన్ అయింది, రెండో రోజుకే చూడ్డానికొచ్చినోళ్ళందరూ ఒకటే మాట, పాలు పడలేదా, బాబు ఏడుస్తున్నాడు పాపం, డబ్బా పాలు పట్టేయండి అని. నాకు చాలా కోపం వచ్చింది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలే, చెంచాల లెక్కలోనే వస్తాయి, పిల్లలకి అప్పుడు అవే చాలు. సిజేరియన్ అయితే పాలు బాగా పడటానికి ఇంకాస్త టైమ్ పట్టొచ్చు. బిడ్డ ఎంత తాగితే అంత తయారవుతాయి, ఈలోపు డబ్బా పాలతో కడుపు నింపేస్తే బిడ్డ చీకడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి, అప్పుడు అందరూ చూశావా నీకు పాల్లేవు అంటారు. డాక్టర్ బరువు చూసి పట్టమంటే అది వేరే సంగతి, పట్టాల్సిందే.

చెల్లి కష్టం తీర్చింది నైట్ డ్యూటీలో ఉన్న ఒక నర్సమ్మ. పక్కన కూర్చుని, బాబు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళేలా పట్టించింది, పాలిచ్చేటప్పుడు వచ్చే నొప్పి చాలావరకు తగ్గిపోయింది. ఈ పని ప్రతి హాస్పిటల్లో ప్రతి తల్లికీ చేయాలి కదా?

ఇంటికొచ్చాక అమ్మ పథ్యం మొదలెట్టింది, నీళ్ళు ఎక్కువ తాగకూడదంట. పాలిచ్చే మనిషికి దాహం ఎంత వేస్తుందో! డాక్టర్‌తోనే చెప్పించి మాన్పించాం. మరిదిగారికి ప్రైవేట్ కంపెనీ, తండ్రులకి సెలవివ్వాలని వాళ్ళకి చట్టమేం లేదు, వారానికే ఆఫీసుకెళ్ళిపోయాడు. అయినా రాత్రిళ్ళు తేన్పు తెప్పించడం, డైపర్లు, చుట్టాల్ని గుమ్మం దగ్గరే ఆపడం అన్నీ ఆయనే చూసుకున్నాడు, బంగారం లాంటి మనిషి.

ఇప్పుడు అసలు భయం ఆఫీసు. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) చెప్తుంది, 2017 నుంచి ప్రసూతి లీవు 26 వారాలు, కానీ ఆ తర్వాత? 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలి, 15 నెలలొచ్చేదాకా పాలివ్వడానికి రెండు బ్రేకులు కూడా ఇవ్వాలి, ఇదంతా చట్టంలోనే ఉంది. నా ఫ్రెండ్ ఒకావిడ మాత్రం ఆఫీసు బాత్రూమ్‌లో నిలబడి పాలు పంప్ చేసుకునేది. మన ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలకైతే ఈ లీవు కూడా లేదు, మా అపార్ట్‌మెంట్‌లో నెల బిడ్డని వదిలి పనికొచ్చినామె ఉంది, ఆమెకి జీతంతో సెలవివ్వాల్సింది మనమే.

చెల్లితో జాయినింగ్‌కి నెల ముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టించా, గడియ ఉన్న రూమూ ఒక ఫ్రిజ్జూ కావాలని. పిండిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటాయి. రిప్లై ఇంకా రాలేదు, సోమవారం మళ్ళీ రాయిస్తా.